చేతిలో డిగ్రీ లేదు... కొలిమిలో 3,500 డిగ్రీలు!

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పాత బల్బుల ఫిలమెంట్‌లో ఉండే టంగ్‌స్టన్ 3,422 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మరి మీ పెన్సిల్లో ఉన్న గ్రాఫైట్? మెటలర్జీ, మెటీరియల్ సైన్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో ఇది అడిగితే చాలామంది ఏదో ఒక నంబరు చెప్పేసి ఊపిరి పీల్చుకుంటారు. నంబరు చెప్పే ముందు మీరు తిరిగి అడగాల్సింది ఒకటుంది: ఎంత పీడనం దగ్గర అని. ఎందుకంటే మన చుట్టూ ఉండే మామూలు గాలి పీడనంలో గ్రాఫైట్ అసలు కరగదు. సుమారు 3,600 డిగ్రీలు దాటాక ఘనరూపం నుంచి నేరుగా ఆవిరైపోతుంది. డబ్బాలో మరిచిపోయిన కర్పూరం బిళ్ల చుక్క తడి లేకుండా హరించుకుపోయినట్టే.

ఈ విషయాన్ని మొట్టమొదట గట్టిగా, కొలిమి దగ్గర నిలబడి చూపించినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాన్స్‌కి చెందిన హెన్రీ మోయిసన్. ఫ్రెంచివాళ్లు పలికే తీరు వేరు, కానీ మన పుస్తకాల్లో ఇలాగే కనబడుతుంది కాబట్టి ఇలాగే రాస్తున్నాను. ఇంటర్ కెమిస్ట్రీలో ఫ్లోరిన్ పాఠంలో ఈ పేరు ఒక్క లైన్లో వచ్చి వెళ్లిపోతుంది. ఆ ఒక్క లైన్ వెనక ఉన్న మనిషికి పద్దెనిమిదేళ్ల వయసులో చేతిలో ఏ సర్టిఫికెట్టూ లేదు. అదీ ఆయన గురించి మీకు చెప్పాలనిపించడానికి మొదటి కారణం.

సప్లీ రాసిన నోబెల్ విజేత

మోయిసన్ 1852 సెప్టెంబర్ 28న పారిస్‌లో పుట్టాడు. తండ్రి రైల్వే కంపెనీలో చిన్న ఉద్యోగి. తల్లి బట్టలు కుట్టేది. 1864లో కుటుంబం మో అనే ఊరికి మారింది. అక్కడి బడిలో చదివాడు కానీ, యూనివర్సిటీలో చేరడానికి కావాల్సిన బకలోరియా సర్టిఫికెట్ రాకుండానే 1870లో బడి వదిలేశాడు. బకలోరియా అంటే మన ఇంటర్ లాంటిది అనుకోండి. అది లేకపోతే పై చదువుల గేటు దగ్గరే ఆపేస్తారు. అదే ఏడాది ప్రష్యాతో యుద్ధం వచ్చింది. కొంతకాలం సైన్యంలో గడిచింది.

తర్వాత చేసిన పని ఏమిటో తెలుసా? మందుల షాపులో అప్రెంటిస్. అప్పట్లో ఫార్మసీలో కింది స్థాయి అర్హత సంపాదించడానికి బకలోరియా అక్కర్లేదు. షాపులో పని నేర్చుకుంటూనే ఆ దారిలో వెళ్లొచ్చు. ఆ షాపులో ఉండగానే ఆర్సెనిక్ విషం తిన్న ఒక మనిషిని మోయిసన్ బతికించాడు. పొట్లాలు కట్టే కుర్రాడికి విరుగుడు ఏదో తెలియడం చిన్న విషయం కాదు.

కెమిస్ట్రీ మీద మనసు పడింది. పారిస్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఫ్రెమీ అనే పెద్దాయన ల్యాబ్‌లో చేరాడు. ఆ తర్వాత దెహెరాఁ ల్యాబ్‌కి మారాడు. దెహెరాఁ మొక్కల రసాయనశాస్త్రం చేసేవాడు. ఈ కుర్రాడిలో సరుకుందని గమనించి, ఆగిపోయిన చదువు పూర్తి చెయ్యమని వెంటపడ్డాడు. మోయిసన్ ఒకసారి బకలోరియా రాసి తప్పాడు. మళ్లీ రాసి 1874లో గట్టెక్కాడు. మన భాషలో చెప్పాలంటే సప్లీ. అదే ఏడాది మొక్కల శ్వాసక్రియ మీద దెహెరాఁతో కలిసి మొదటి పరిశోధనా పత్రం కూడా వేశాడు. ఒక చేత్తో సప్లీ, ఇంకో చేత్తో పేపర్! 1879లో ఫస్ట్ క్లాస్ ఫార్మసిస్టు అర్హత, 1880లో డాక్టరేట్. మధ్యలో ఎక్కడో ఒక నాటకం కూడా రాశాడు. అది స్టేజి ఎక్కలేదు. మనకి మంచే జరిగింది.

ఇక్కడో మాట. ఇలాంటి జీవితకథల్లో కష్టపడ్డాడు, పైకొచ్చాడు అని రాసేసి డబ్బు సంగతి దాటేస్తుంటారు. మోయిసన్ 1882లో లెయోనీ లుగాన్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె తండ్రి మో ఊళ్లో ఫార్మసిస్టు. ఆ మామగారి ఆర్థిక అండ వల్లే జీతం గురించి బెంగ లేకుండా ప్రమాదకరమైన, ఎప్పుడు ఫలిస్తుందో తెలియని పరిశోధన మీద కూర్చోగలిగాడు. మీకు ఆ అండ లేకపోతే మీ దారి ఇంకొంచెం నెమ్మదిగా సాగొచ్చు. అది మీ తెలివి తక్కువై కాదు.

ఫ్లోరిన్ అనే గండం

ఆ పరిశోధన ఫ్లోరిన్ మీద. ఫ్లోరిన్ అనే మూలకం ఉందని అందరికీ తెలుసు, విడదీసి చూసినవాళ్లు లేరు. దేన్ని తాకినా దాంతో కలిసిపోతుంది. ప్రయత్నించినవాళ్లలో బెల్జియంకి చెందిన లూయె, ఫ్రాన్స్‌కి చెందిన నిక్లెస్ ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఐర్లండ్‌కి చెందిన నాక్స్ సోదరులు విషవాయువుకి చిక్కి ఏళ్ల తరబడి బాధపడ్డారు. మోయిసన్ గురువు ఫ్రెమీ కూడా ప్రయత్నించి వదిలేశాడు. మోయిసన్ ముందు ఆర్సెనిక్ ఫ్లోరైడ్‌తో మొదలుపెట్టి, పలుమార్లు విషం సోకి, ఆ దారి మానుకున్నాడు.

చివరికి పట్టింది ఇది. శుద్ధమైన హైడ్రోజన్ ఫ్లోరైడ్ గుండా కరెంటు పోదు. అందులో పొటాషియం హైడ్రోజన్ ఫ్లోరైడ్ కలిపితే పోతుంది. ఆ ద్రవాన్ని ప్లాటినం యూ-ట్యూబులో పోసి, మైనస్ 50 డిగ్రీల దాకా చల్లబరిచి, ప్లాటినం-ఇరిడియం ఎలక్ట్రోడ్లతో విద్యుద్విశ్లేషణ చేశాడు. 1886 జూన్ 26న ఒక ఎలక్ట్రోడ్ దగ్గర వచ్చిన వాయువుకి సిలికాన్ తగిలిస్తే భగ్గున మండింది. ఫ్లోరిన్ దొరికింది. అప్పటికి ఆయన వయసు 33.

తర్వాత జరిగింది మీరు ప్రాజెక్టు వైవాలో అనుభవించిందే. సైన్స్ అకాడమీ ముగ్గురు పెద్దల్ని పరిశీలనకి పంపింది. అందులో ఫ్రెమీ కూడా ఉన్నాడు. వాళ్ల ముందు పరికరం మొరాయించింది. ఏమీ రాలేదు. అతిథుల కోసమని ఈసారి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ని మరీ జాగ్రత్తగా శుద్ధి చేశాడు, అదే కొంప ముంచింది. శుద్ధి ఎక్కువై కరెంటు పోవడం మానేసింది. మునుపటి ప్రయోగంలో పొటాషియం లవణం ఉండబట్టే పని జరిగిందని గ్రహించి, కాస్త ఫ్లోరైడ్ కలిపి మళ్లీ చూపించాడు. పెద్దలు ఒప్పుకున్నారు.

సున్నపు దిమ్మల మధ్య సూర్యుడు

ఫ్లోరిన్ దొరికాక చాలామంది అక్కడే జీవితాంతం కూర్చునేవాళ్లు. మోయిసన్ మనసు కార్బన్ మీదకి మళ్లింది. నిజానికి ఫ్లోరిన్‌తోనే వజ్రం తయారుచేయొచ్చేమోనని ముందు ఆశపడ్డాడు. కార్బన్, ఫ్లోరిన్ కలిసిన పదార్థాలు తయారుచేసి చూశాడు. కుదరలేదు. అప్పుడు అర్థమైంది, దీనికి వేడి కావాలి, అదీ మామూలు వేడి కాదు. అప్పటి ల్యాబుల్లో ఆక్సిజన్-హైడ్రోజన్ మంటతో సుమారు 2,000 డిగ్రీలు దాటి వెళ్లడమే గగనం.

1892 డిసెంబరులో తన విద్యుత్ కొలిమిని అకాడమీ ముందు పెట్టాడు. చూస్తే మనకి నవ్వొస్తుంది, అంత సింపుల్. రెండు సున్నపు దిమ్మలు, ఒకదాని మీద ఒకటి. కింది దిమ్మలో ఒక గుంట, అందులో కార్బన్ మూస. రెండు పక్కల నుంచి రెండు కార్బన్ కడ్డీలు. కడ్డీల మధ్య విద్యుత్ ఆర్క్ వెలిగిస్తే, ఆ చిన్న గదిలో వేడి 3,500 డిగ్రీల దాకా పోతుంది. ఆర్క్ కొలిమి ఆయనే కనిపెట్టాడని కొన్నిచోట్ల రాస్తారు, అది తప్పు. విలియం సీమెన్స్ అంతకు పదేళ్ల ముందే ఆర్క్‌తో ఉక్కు కరిగించాడు. మోయిసన్ గొప్పతనం వేరే. దాన్ని కెమిస్టు బల్ల మీద ఇమిడే పరికరంగా మార్చి, ఏ వేడి దగ్గర ఏ పదార్థం ఏమవుతుందో ఒక్కొక్కటిగా రాసుకుంటూ వెళ్లాడు.

సున్నం ఎందుకు? సున్నం వేడిని చాలా తక్కువగా పోనిస్తుంది. లోపల లోహాలు మరుగుతుంటే పై దిమ్మని చేత్తో ఎత్తి పక్కన పెట్టొచ్చు. అయితే ఆ వేడికి సున్నం లోపలి ముఖం కూడా కరిగి కారిపోయేది. సున్నం కరగాలంటే 2,600 డిగ్రీలు దాటాలి. అంటే కొలిమి తనని తానే తింటూ పనిచేసేదన్నమాట. ప్రయోగాలు నిమిషాల్లో ముగించాల్సిందే.

ఆ నిమిషాల్లోనే యురేనియం, క్రోమియం, టంగ్‌స్టన్, మాలిబ్డినం, వెనేడియం లాంటి లోహాల ఆక్సైడ్లు కార్బన్‌తో చర్య జరిపి లోహాలుగానో, కార్బైడ్లుగానో బయటికొచ్చాయి. సున్నమూ కార్బనూ కలిసి కాల్షియం కార్బైడ్ అయింది. దాన్ని నీళ్లలో వేస్తే ఎసిటిలిన్ వస్తుంది. ఒకప్పుడు గని కార్మికుల టోపీ దీపాలు, సైకిల్ దీపాలు దీంతోనే వెలిగాయి, గ్యాస్ వెల్డింగ్ దీంతోనే నడిచింది. మామిడికాయల్ని మగ్గబెట్టడానికి వాడొద్దని మన దగ్గర నిషేధించిన కార్బైడ్ కూడా ఇదే. అమెరికాలో విల్సన్ అనే ఆయన ఇదే 1892లో విడిగా ఈ కార్బైడ్ తయారీ పట్టుకున్నాడు.

కరగని కార్బన్

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మోయిసన్ కొలిమిలో రకరకాల కార్బన్ పెట్టి చూశాడు. పంచదారని కాల్చిన బొగ్గు, కర్ర బొగ్గు, చివరికి వజ్రం కూడా. ఆర్క్ వేడికి అన్నీ ఒకే దారి పట్టాయి: గ్రాఫైట్. వజ్రం కూడా ఉబ్బి, నల్లబడి, గ్రాఫైట్ అయింది. ఖరీదైన ప్రయోగమే! మామూలు పీడనంలో కార్బన్‌కి స్థిరమైన ఇల్లు గ్రాఫైటే అని దీన్ని బట్టి తేలిపోయింది.

ఇంకా వేడి చేస్తే? కార్బన్ గొట్టాన్ని ఆర్క్‌లో పెట్టి చూస్తే, ఆవిరి లేచి చల్లటిచోట మళ్లీ గ్రాఫైట్ పొరలుగా పేరుకుంది. ఎక్కడా కరిగి జారిన గుర్తు లేదు, చుక్క లేదు. మామూలు పీడనంలో కార్బన్ ద్రవం కాకుండానే ఆవిరవుతుందని 1890ల నడుమ ఆయన ప్రకటించాడు.

కారణం నేటి భాషలో చెప్పుకుంటే తేలికే. గ్రాఫైట్‌లో ప్రతి కార్బన్ పరమాణువు పక్కనున్న మూడింటితో గట్టిగా చేతులు కలిపి ఒక పలకలా ఉంటుంది. పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు. పలకకీ పలకకీ మధ్య 0.335. పలకల మధ్య పట్టు చాలా బలహీనం, అందుకే పెన్సిల్ కాగితం మీద రాసుకుంటూ పోతుంది. పలక లోపలి బంధాలు మాత్రం ఉన్నవాటిలో అతి గట్టివి. అవి తెగేంత వేడి వచ్చేసరికి, తెగిన పరమాణువుల్ని ద్రవంగా పట్టి ఉంచే శక్తి పైనున్న గాలి పీడనానికి చాలదు. ఎగిరిపోతాయి. ద్రవ కార్బన్ నిలబడాలంటే దాదాపు 100 అట్మాస్ఫియర్ల పీడనం కావాలి. ఘన, ద్రవ, వాయు రూపాలు మూడూ కలిసి ఉండే ఆ ట్రిపుల్ పాయింట్ ఉష్ణోగ్రత ఎంత? దాని మీద ల్యాబులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. 4,000 నుంచి 5,000 కెల్విన్ల మధ్య రకరకాల కొలతలున్నాయి. ఆ వేడి దగ్గర దాన్ని పట్టి ఉంచే పాత్రే లేదు కదా! అందుకే లేజర్‌తోనో, పెద్ద కరెంటుతోనో ఒక్క క్షణంలో వేడెక్కించి, అది పోయేలోపే కొలిచేసుకోవాలి. మీలో ఎవరికైనా పీహెచ్‌డీ టాపిక్ కావాలంటే ఇది ఇంకా మిగిలే ఉంది.

దీన్నించే మోయిసన్ కొలిమికి ఇంకో తమాషా హద్దు వచ్చింది. ఆర్క్‌లో కార్బన్ కడ్డీ కొన ఆవిరయ్యే ఉష్ణోగ్రతకి చేరాక, మీరు ఎంత కరెంటు పెంచినా ఆ కొన ఇంకా వేడెక్కదు, ఇంకా ఎక్కువ ఆవిరవుతుంది, అంతే. మరుగుతున్న నీళ్లు మంట పెంచినా 100 దాటనట్టే. 3,500 దగ్గర ఆయన ఆగింది చేతకాక కాదు, కార్బన్ స్వభావం వల్ల.

హద్దు సంగతి అలా ఉంచి, ఆ కింద గ్రాఫైట్ చేసే పని చూడండి. లోహాలు వేడెక్కేకొద్దీ మెత్తబడతాయి. గ్రాఫైట్ సుమారు 2,500 డిగ్రీల దాకా వేడెక్కేకొద్దీ బలం పుంజుకుంటుంది. చటుక్కున వేడి మారినా పగలదు. కరెంటు బాగా పోనిస్తుంది. ఒక్క లోపం గాలి. ఆక్సిజన్ తగిలితే 500 డిగ్రీల దగ్గరే మెల్లగా కాలిపోవడం మొదలుపెడుతుంది. ఈ లెక్కలన్నీ నేటి ఉద్యోగాల్లో రోజూ వాడేవే. పాత ఇనుము కరిగించే ఉక్కు ఫ్యాక్టరీల్లో ఆర్క్ ఫర్నేస్‌లోకి దిగేవి నిలువెత్తు గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లు. వాటిని తయారుచేయాలంటే కార్బన్‌ని 3,000 డిగ్రీల దరిదాపుల్లో కాల్చాలి. మీ ఫోన్ బ్యాటరీలో ఆనోడ్ గ్రాఫైటే. అగ్ని క్షిపణి తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు ముక్కు కాలిపోకుండా కాసేది హైదరాబాద్ డీఆర్‌డీవో ల్యాబుల్లో రూపుదిద్దుకున్న కార్బన్-కార్బన్ కాంపోజిట్. మెటలర్జీ, కెమికల్, మెకానికల్ వాళ్లు ఈ పేరాని ఇంకోసారి చదువుకోవచ్చు.

వజ్రం దొరికిందా?

మోయిసన్ పేరు పత్రికల్లో మోగింది మాత్రం వీటి వల్ల కాదు, వజ్రం వల్ల. అమెరికాలోని ఆరిజోనాలో కెన్యన్ డియాబ్లో అనే చోట దొరికిన ఇనుప ఉల్కలో చిన్న వజ్రాలున్నాయని 1891లో బయటపడింది. ఇనుములో వజ్రం! మోయిసన్ ఆలోచన ఇలా సాగింది. కరిగిన ఇనుము కార్బన్‌ని బాగా కరిగించుకుంటుంది. నీళ్లు గడ్డకట్టేటప్పుడు వ్యాకోచించినట్టే, కార్బన్ ఎక్కువున్న ఇనుము కూడా వ్యాకోచిస్తుంది. కాబట్టి దాన్ని హఠాత్తుగా చల్లబరిస్తే పైపెంకు ముందు గట్టిపడి లోపలి ఇనుముకి చోటు లేకుండా చేస్తుంది. లోపల పీడనం పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో కార్బన్ వజ్రంగా బయటపడాలి.

మూసలో ఇనుము, పంచదార బొగ్గు వేసి కొలిమిలో కరిగించి, మండుతున్న మూసని అలాగే చల్లటి నీళ్లలో ముంచేవాడు. తర్వాత కరిగిన సీసంలో కూడా ముంచాడు. పేలిపోతే ఏమిటని మీకు అనిపించొచ్చు. చూసేవాళ్లకీ అదే అనిపించి ఉండాలి. ఆ దిమ్మని ఆమ్లాల్లో ఒకదాని తర్వాత ఒకటిగా వేసి, ఇనుము పోగొట్టి, గ్రాఫైట్ పోగొట్టి, చివరికి మిగిలిన నలకల్ని సూక్ష్మదర్శినిలో చూసేవాడు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లగా మెరిసేవి. మిల్లీమీటరు కూడా లేవు. కెంపు మీద గీత గీశాయి. ఆక్సిజన్‌లో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ వచ్చింది. 1893 ఫిబ్రవరిలో కృత్రిమ వజ్రం తయారైందని ప్రకటించాడు. కొన్ని నలకలు గుండ్రటి బిందువుల్లా ఉండటం చూసి, ఒత్తిడిలో కార్బన్ ద్రవమై, ఆ ద్రవం గడ్డకట్టి వజ్రమైందని కూడా నమ్మాడు.

ఒత్తిడి ఉంటే కార్బన్ ద్రవమవుతుందన్న ఊహ సరైనదే. కానీ ఆ ద్రవం గడ్డకడితే వజ్రం రావాలంటే లక్ష అట్మాస్ఫియర్లకి పైగా కావాలి. లేదంటే మళ్లీ గ్రాఫైటే. మన అనంతపురం వజ్రకరూర్ దగ్గరున్న కింబర్లైట్ గొట్టాలు తెలుసు కదా? వజ్రం పుట్టేది భూమి లోపల దాదాపు 150 కిలోమీటర్ల లోతున. ఆ గొట్టాల గుండా శిలాద్రవం దాన్ని పైకి మోసుకొచ్చింది. అంత లోతులో పైనున్న రాళ్ల బరువు ఇచ్చే ఒత్తిడిని నీళ్లలో ముంచిన ఇనుప ముద్ద ఇవ్వలేదు. దాని దరిదాపులకి కూడా రాదు.

మరి ఆ నలకలేమిటి? చాలావరకు సిలికాన్ కార్బైడ్ లాంటి గట్టి పదార్థాలై ఉంటాయని తర్వాతివాళ్ల అభిప్రాయం. ఇంకో కథ కూడా ప్రచారంలో ఉంది. అదే పని పదేపదే చేసి విసిగిపోయిన సహాయకుడొకడు, అయ్యగారిని సంతోషపెట్టడానికి అసలు వజ్రపు నలకల్ని అందులో కలిపేశాడని. నిజమో కాదో తేల్చే దారి లేదు. నాకైతే మొదటిదే నమ్మశక్యంగా ఉంది.

విచిత్రం ఏమిటంటే, అదే కెన్యన్ డియాబ్లో ఉల్క ముక్కని 1904లో మోయిసన్ ఆమ్లాల్లో కరిగించి, మిగిలిన నలకల్లో ప్రకృతిలో పుట్టిన సిలికాన్ కార్బైడ్‌ని గుర్తించాడు. 1905లో అమెరికా రత్నాల నిపుణుడు కుంజ్ దానికి మోయిసనైట్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు నగల షాపుల్లో వజ్రానికి బదులు తక్కువ ధరకి అమ్ముతున్న మోయిసనైట్ ఉంగరాలు ఆ పేరువే, కాకపోతే అవి ల్యాబుల్లో పెంచినవి. వజ్రం చేశాననుకున్న మనిషి పేరు వజ్రం కాని రాయికి స్థిరపడిపోయింది.

ఆఖరి ఏడాది

1900 నాటికి మోయిసన్ సోర్బాన్‌లో ప్రొఫెసర్. బకలోరియా లేక ఏ చదువు గేటు దగ్గర ఆగిపోయాడో, ఆ గేటు లోపల కుర్చీ. 1906లో ఫ్లోరిన్‌ని విడదీసినందుకు, తన పేరు మీద నిలిచిన విద్యుత్ కొలిమికి కలిపి కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. కెమిస్ట్రీలో నోబెల్ పొందిన మొదటి ఫ్రెంచివాడు ఆయనే. వజ్రం ఊసు ఆ ప్రశంసలో లేకపోవడం గమనించండి. ఆ ఏడాది పోటీలో ఆవర్తన పట్టిక మెండలీవ్ ఉన్నాడు. ఆయనకి ఇవ్వాల్సిందన్న వాదన నేటికీ వినబడుతుంది. నన్నడిగితే ఆ వాదనలో బలం ఉంది. ఇద్దరికీ మళ్లీ అవకాశం మిగల్లేదు. మెండలీవ్ 1907 ఫిబ్రవరి 2న, మోయిసన్ ఫిబ్రవరి 20న పోయారు. స్టాక్‌హోం నుంచి తిరిగొచ్చిన కొద్ది వారాలకే అపెండిసైటిస్ వచ్చింది. వయసు 54. ఒక్కగానొక్క కొడుకు లూయీ 1914లో యుద్ధం మొదలైన తొలి రోజుల్లోనే చనిపోయాడు.

వజ్రం కథ మాత్రం ఆయనతో ముగియలేదు. స్టీమ్ టర్బైన్ కనిపెట్టిన ఇంగ్లండ్ ఇంజినీరు చార్లెస్ పార్సన్స్ ఏళ్ల తరబడి మోయిసన్ ప్రయోగాన్ని తిరగరాశాడు. డబ్బుకి లోటు లేదు, యంత్రాలకి లోటు లేదు. మొదట్లో తనకీ వజ్రాలు వచ్చాయనుకున్నాడు. చివరికి 1920ల్లో, అప్పటిదాకా ఎవరూ, తనతో సహా, వజ్రం తయారుచేయలేదని తేల్చి చెప్పాడు.

1954 డిసెంబర్ 16న అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ల్యాబ్‌లో ట్రేసీ హాల్ తన ప్రెస్ తెరిచి చూసేసరికి వజ్రాలు మెరిశాయి. 1955 ఫిబ్రవరిలో కంపెనీ ప్రపంచానికి చెప్పింది. ఆ పద్ధతి మెరుగుపడి నేటికీ నడుస్తోంది. దాదాపు 50,000 అట్మాస్ఫియర్ల పీడనం, 1,400 డిగ్రీల వేడి. అందులో కార్బన్‌ని కరిగించుకుని వజ్రంగా వదిలేది ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి కరిగిన లోహం. మోయిసన్ ఎంచుకున్న ఇనుమే, ఆయనకి అందని ఒత్తిడి కింద. ఆ ప్రెస్ నడిమధ్యలో కరెంటు పోనిచ్చి వేడి పుట్టించడానికి వాడేది ఓ చిన్న గ్రాఫైట్ గొట్టం.